రెక్క కన్నా ముందు అతుకు

వేల్పూర్



చిన్నోడా, రెక్క మీద నీళ్లపైన ఎగిరే ఫాయిల్ బోర్డు చేస్తనని ఫోన్లో పంపిన బొమ్మలన్నీ చూసిన. బోర్డును మీదినుంచి, పక్కనుంచి, కిందినుంచి గీసినవు. ముందురెక్క వంపునైతే రంగు పెన్సిళ్లతో దిద్దినవు. మీ నాయనకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "వాణ్ని విశాఖపట్నం పంపింది చదువుకొమ్మని గానీ సముద్రంలో మునగమని కాదు, నువ్వన్న జెర గట్టిగ చెప్పు" అని పొద్దుగాలనే ఫోన్ చేసిండు. గట్టిగ చెప్పేది నాకూ ఉన్నది గానీ అది వేరే. ఇన్ని బొమ్మలు గీసినవు, మాస్టు, అంటే రెక్కను మోసే కడ్డీ, వచ్చి బోర్డును పట్టుకునే చోటు ఒక్క బొమ్మలో లేదు. అక్కడ నాలుగు చుక్కలు పెట్టి పక్కన "బోల్టులు" అని రాసి ఊకున్నవు. ఈ ఉత్తరం ఎక్కువ ఆ నాలుగు చుక్కల గురించే.

అజ్మాన్‌లో ఫైబర్ పడవల యార్డులో పనిచేసేటప్పుడు మా షెడ్డుకు పడవలతో పాటు బోర్డులు కూడా రిపేరుకు వచ్చేటివి. దుబాయి బీచుల్లో గాలి లేచిందంటే కైట్లు కట్టుకుని కొందరు, తరువాతి రోజుల్లో చేతి వింగులు పట్టుకుని కొందరు నీళ్ల మీద ఎగిరేవాళ్లు. ముక్కు విరిగిన బోర్డు తక్కువ వచ్చేది. రెక్క విరిగింది ఇంకా తక్కువ. వచ్చిన వాటిలో చానావరకు ఒకటే జబ్బు: కింద మాస్టును బిగించే ట్రాకులున్న చోట చర్మం పగిలి, ట్రాకు దానిచుట్టూ ఉన్న ఫోమును పెకిలించుకుని ఊడొచ్చేది. పగులులోంచి లోపలికి నీళ్లు పోయి బోర్డు రెండింతల బరువు. ఇంట్లో చేసుకున్న బోర్డులు కూడా వచ్చేటివి. మీద పాలిష్ అద్దంలాగ మెరిసేది, ఆ అతుకు దగ్గర మాత్రం నాలుగు నట్లు ఉత్త ఫోములో కూర్చునేటివి.

అట్ల ఎందుకైతదో లెక్క చేసి చూపిస్త, ఇంజనీరింగు చదివేటోనికి నేను చెప్పాల్నా అనుకోకు. నీ మాస్టు 75 సెంటీమీటర్లు. మలుపు తిరిగేటప్పుడు రెక్క మీద పక్కకు 50 కిలోల తోపు పడ్డదనుకో, పెద్ద తోపేం కాదది. ఆ 50 కిలోలు 75 సెంటీమీటర్ల కడ్డీ చివర ఉన్నయి. పైన పట్టుకుని ఉన్న రెండు ట్రాకుల మధ్య దూరం 9 సెంటీమీటర్లే. 50ని 75తో గుణించి 9తో భాగించు. నాలుగు వందల కిలోలు దాటుతది. ఒక పక్క ట్రాకును ఊడబెరకడానికి, రెండో పక్కదాన్ని లోపలికి కుక్కడానికి ప్రతి మలుపులో అంత బలం పనిచేస్తది. థర్మకోల్‌లో కూర్చున్న నట్టు దానికి ఆగుతదా?

ఈ ఆటను మనుషులు కొత్తగా కనిపెట్టినట్టు నీ మాటల్లో ఉన్నది. రెక్క పాతదే బిడ్డా. ఇటలీలో ఎన్రికో ఫోర్లానిని 1906లో మజ్జోరె సరస్సు మీద నీటిరెక్కల పడవను లేపిండు. టెలిఫోను గ్రాహం బెల్ తన తోటివాడు కేసీ బాల్డ్విన్‌తో కలిసి చేసిన హెచ్‌డీ-4 అనే పడవ 1919లో గంటకు 114 కిలోమీటర్ల వేగం అందుకున్నది. సోవియట్‌లో అలెక్సేయెవ్ చేసిన రాకెటా పడవలు 1957 నుంచి ఓల్గా నది మీద జనాన్ని మోసినయి. మనిషి ఒక్కడు ఎక్కే రకం మాత్రం 1990 ప్రాంతంలో జనంలోకి వచ్చింది. అమెరికాలో మైక్ మర్ఫీ, బాబ్ వూలీ రెక్క మీద కుర్చీ బిగించి పడవ వెనక ఎగిరిన్రు. హవాయిలో లెయర్డ్ హామిల్టన్ వాళ్లు ఆ రెక్కనే తీసుకుని, మంచు మీద జారేటోళ్ల బూట్లు బోర్డుకు బిగించి, పెద్ద అలల మీదికి పోయిన్రు. 2024 పారిస్ ఒలింపిక్స్ వచ్చేసరికి మార్సెయ్ సముద్రంలో కైట్ ఫాయిల్, విండ్‌సర్ఫింగ్ ఫాయిల్ రెండింటికీ పతకాలిచ్చిన్రు. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, కంపెనీలు రాకముందు షెడ్లలో తంటాలు పడ్డది నీలాంటోళ్లే. అందుకే మీ నాయన మాట పక్కనబెట్టి నీకు చెయ్యమనే చెప్తున్న. చేసే పద్ధతిలోనే నాకు పేచీ ఉన్నది.

తేలుడు గురించి నువ్వు రెండు పేజీలు రాసినవు. అది అంత కష్టం కాదు. మన చెరువుల్లో చేపలు పట్టేటోళ్లు థర్మకోల్ పలకలు కట్టుకుని, వాటి మీద కూర్చుని వలలేస్తరు, నువ్వూ చిన్నప్పుడు చూసినవు. లీటరు నీళ్ల చోటు ఆక్రమిస్తే కిలో మోస్తది, అంతే. నువ్వు 70 కిలోలున్నవు. మొదటి బోర్డు నీ బరువు మీద ఇంకో నలభై లీటర్లు ఎక్కువ ఉండాలె. ఆరడుగుల పొడవు, రెండడుగుల నాలుగంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల మందం పెట్టి అంచులు గుండ్రంగ తీస్తే సుమారు 115 లీటర్లొస్తది. నువ్వు గీసిన సన్నపు బోర్డు చూడ్డానికి బాగున్నది గానీ దాని మీద నిలబడుడు నేర్చేలోపు నీకు ఓపిక అయిపోతది.

థర్మకోల్ కొనేటప్పుడు టీవీ డబ్బాల్లో వచ్చే ఉబ్బు రకం తీసుకోకు. ఘనమీటరుకు 20 కిలోలకు తగ్గని గట్టి రకం అడుగు, కోల్డ్ స్టోరేజీలకు సరఫరా చేసేటోళ్ల దగ్గర దొరుకుతది. నైక్రోమ్ తీగ వేడి చేసి ఆకారం కోస్తవు కదా, ఆ పని ఆరుబయట చెయ్యి. ఆ పొగ మంచిది కాదు. కోసినంక పొడవైన కట్టెకు గరుకు కాగితం అంటించి సాపు చెయ్యి. కాగితాన్ని చేత్తో పట్టుకుని రుద్దితే గుంతలు పడతయి.

రెజిన్ దగ్గర ఒక్కమాట. పడవల షెడ్లలో అగ్గువకు దొరికేది పాలిస్టర్ రెజిన్. అక్కడ విశాఖలో ఫైబర్ తెప్పలకు వాడేది ఎక్కువగా అదే. అందులో ఉండే స్టైరీన్ థర్మకోల్‌ను కరిగించి తినేస్తది. నీ బోర్డు కళ్లముందే కుంగి గుంతలైతది. ఎవరు ఎంత చెప్పినా నీకు కావాల్సింది ఎపాక్సీ. ధర ఎక్కువే, వేరే దారి లేదు. ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువేస్తే తొందరగా గట్టిపడతది అనుకుంటరు కొందరు. అది పాలిస్టర్ అలవాటు. ఎపాక్సీకి కంపెనీవాడు చెప్పిన పాళ్లు తప్పితే ఎన్నడూ సరిగ గట్టిపడదు, అందుకే తూకం వేసి కలుపు. కొంచెం కొంచెం కలుపు, కలిపింది వెడల్పు పళ్లెంలో పోసుకో. లోతు డబ్బాలో వదిలేస్తే తన వేడికి తనే ఉడికి పొగ లేస్తది. మీ విశాఖ గాలిలో తేమ జాస్తి కాబట్టి గట్టిపడ్డ పొర మీద జిడ్డులాగ తేలుతది. తరువాతి పొర వేసేముందు నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, గరుకు చెయ్యి. లేకుంటే రెండు పొరలు పట్టుకోవు. చేతులకు గ్లౌజులు, సాండింగు చేసేటప్పుడు మూతికి మంచి మాస్కు, ఈ రెండింట్లో బేరం లేదు. హార్డెనర్ చర్మానికి ఒకసారి పడకుండా పోతే జన్మంతా పడదు. అట్ల పనే మానుకున్న మనుషులను నేను చూసిన.

గ్లాసు గుడ్డను రెజిన్‌తో ఒత్తి గాలి తీయడానికి పాత ఫ్రిజ్ కంప్రెసర్ పనికొస్తది. దాని పీల్చే గొట్టం దిక్కు వాడితే గాలి పీల్చే పంపు అయితది, స్క్రాపులో దొరుకుతది. అదొక్కటి చేసుకుంటే బోర్డు బరువు నిజంగ తగ్గుతది. ఇంకొకటి మర్చిపోయేటట్టున్న: బోర్డుకు గాలి పోయే చిన్న మర పెట్టు. ఎండలో లోపలి గాలి ఉబ్బి చర్మాన్ని ఫోము నుంచి లేపేస్తది.

ఇగ నాలుగు చుక్కల కాడికి వస్త. మార్కెట్లో ఫాయిళ్లన్నీ, అంటే మాస్టూ రెక్కా కలిసిన సెట్లన్నీ, దాదాపు ఒకటే కొలతకు వచ్చినయి: రెండు సమాంతర ట్రాకులు, మధ్య 90 మిల్లీమీటర్లు, నాలుగు ఎం-8 బోల్టులు. నువ్వు కూడా అదే పెట్టు, సొంత కొలత కనిపెట్టకు. రేపు ఎవరి ఫాయిలైనా నీ బోర్డుకు బిగించుకోవచ్చు. ట్రాకులు పొడుగ్గ ఉండాలె. మాస్టును ముందుకు వెనకకు జరపడానికి జాగా లేకుంటే ముక్కు ఎగిరిపోతుందో కుంగుతుందో సరిచేసుకునే దారి ఉండదు. ముందురెక్క నీ రెండు పాదాల మధ్య, ముందుకాలుకు కొంచెం దగ్గరగ వచ్చేటట్టు మొదలుపెట్టు.

ఆ ట్రాకులను థర్మకోల్‌లో కూర్చోబెట్టొద్దు. గట్టి పీవీసీ ఫోము దిమ్మ తీసుకో, అడుగు నుంచి పైతలం దాకా బోర్డు మందమంతా నిండే దిమ్మ. దాని చుట్టూ గ్లాసు గుడ్డ చుట్టి బోర్డులో దించు. పైచర్మం, కిందిచర్మం రెండూ ఆ దిమ్మకు అతకాలె. అప్పుడు ట్రాకు మీద పడ్డ బలం నువ్వు నిలబడ్డ పైచర్మం దాకా పాకి బోర్డంతా పరుచుకుంటది. ట్రాకుల మీదుగ కింది గుడ్డ ఇంకో రెండు మూడు పొరలు వెయ్యి, ఒక్కో పొర ముందుదానికన్నా పెద్దగ కొయ్యి. పొరలన్నీ ఒకే గీత దగ్గర ఆగితే బోర్డు ఆ గీత మీదనే పగులుతది. బోర్డు మొత్తానికి పట్టిన టైములో సగం ఈ ఒక్క జాగకు పట్టాలె.

రెక్క మాటకొస్తే, అన్నీ నేనే చేస్త అని రాసినవు. మొదటిది కొను. రామేశ్వరం, గోవా దిక్కు కైట్ నేర్పేటోళ్లున్నరు, వాళ్ల దగ్గర పాతవి అమ్మకానికి వస్తుంటయి. కారణం చెప్త. నీళ్లు గాలి కన్నా ఎనిమిది వందల రెట్లకు పైగా చిక్కన. నువ్వు, బోర్డు, ఫాయిలు అంతా కలిసి 85 కిలోలనుకుంటే గంటకు 14 కిలోమీటర్ల వేగానికి సుమారు 1700 చదరపు సెంటీమీటర్ల రెక్క నిన్ను లేపుతది. ఒక పెద్ద తాంబాళమంత. వేగం రెట్టింపైతే అదే రెక్క నాలుగింతలు లేపుతది. అంత చిన్న తలం మీద అంత బరువు ఆనినప్పుడు వంపులో మిల్లీమీటరు తేడా కూడా కాళ్లకు తెలుస్తది. ఎడమరెక్క కుడిదానికన్నా కొంచెం వంకర తిరిగుంటే ఎప్పుడూ ఒక పక్కకే లాగుతది, నువ్వేమో నీ నిలబడుడే తప్పనుకుంటవు. కొత్త మనిషి, కొత్త బోర్డు, కొత్త రెక్క మూడూ ఒకేసారి నీళ్లలోకి దిగితే తప్పు ఎక్కడున్నదో దేవునికి కూడా దొరకదు. ఎగురుడు వచ్చినంక రెండో రెక్క నువ్వు చేసుకో. తేలిక చెక్క గర్భంగ పెట్టి మీద కార్బన్ గుడ్డ వేసుకోవచ్చు. వంపుకు టామ్ స్పీర్ గీసిన హెచ్-105 ఉన్నది, నీటిరెక్కల కోసమే చేసింది. అప్పుడు నీ రెక్క కూనిరాగం తీస్తే భయపడకు. వెనకంచు నుంచి నీళ్లు సుడులు తిరుగుతూ విడిపోతుంటే వచ్చే చప్పుడది. ఆ అంచును ఒక పక్క ఏటవాలుగ రుద్దితే పోతది.

"మాస్టు అల్యూమినియంతో నువ్వే వెల్డు చేసి పంపు చిన్నాయనా" అన్నవు. చెయ్య. చేతగాక కాదు. 6061-టీ6 అనే రకం గట్టిదనమంతా దానికి చేసిన వేడి వైద్యంలో ఉన్నది. వెల్డింగు వేడి తగిలిన చోట ఆ బలం దాదాపు సగానికి పడిపోతది. వెల్డు చూస్తే ముత్యాలు పేర్చినట్టుంటది, పక్కనే లోహం మెత్తబడి ఉంటది. నీ బరువంతా సరిగ్గా అక్కడ వంగుతది. కంపెనీ అచ్చులో తీసిన మాస్టు కొని బోల్టులతో బిగించు. బోల్టులు 316 స్టెయిన్‌లెస్ తీసుకో, 304 ఉప్పునీళ్లకు ఆగదు. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంలో ఉప్పునీటితో కలిసి కూర్చుంటే అల్యూమినియం తినుకుపోయి బోల్టు ఇరుక్కుంటది. గ్రీసు పెట్టి బిగించు, వచ్చినప్పుడల్లా విప్పి మంచినీళ్లతో కడుగు. బద్ధకించినవంటే ఓరోజు మాస్టునూ రెక్కనూ విడదీయడానికి నా దగ్గరికే తెస్తవు.

బ్యాటరీ, మోటారు పెట్టి కరెంటు ఫాయిల్ చేస్తనన్న ముక్క నేను చదవలేదనుకుంట.

నీళ్లలో దిగేముందు పరీక్ష. ఇక్కడ నేను పసుపు ఉడకబెట్టే బాయిలర్ చేస్తే, ఆవిరి ఎక్కించేముందు నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూస్త. పగిలితే నీళ్లు కారతయి, మనిషి చావడు. నీ బోర్డుకు కూడా అట్లాంటిదే ఒకటి ఉండాలె. బోర్డును నిలువుగ అంచు మీద నిలబెట్టి బల్లకు గట్టిగ కట్టెయ్యి. మాస్టు నేలకు సమాంతరంగ బయటికి పొడుచుకుని ఉంటది. దాని చివరకు సిమెంటు బస్తా వేలాడదియ్యి, కచ్చితంగ 50 కిలోలు, మనం పైన చేసిన లెక్కే. రాత్రంతా వదిలెయ్యి. చెవి పెట్టి విను. చిటచిట అంటే లోపల ఏదో విడుస్తున్నట్టు. తెల్లారి మాస్టు చివర ఎంత దిగిందో కొలువు, బస్తా తీసినంక మళ్లీ మొదటి జాగకు వచ్చిందా చూడు. రాకుంటే ఆ బోర్డు సముద్రం మొహం చూడొద్దు. తరువాత తిప్పి రెండో పక్కకు కూడా వేలాడదియ్యి. మీ ఊర్లోనే రక్షణశాఖ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో నౌకల నమూనాలను లాగి చూసే పెద్ద నీటితొట్టి ఉన్నది. నేవీ నౌకలకే నమూనాను లాగి చూడకుండ ముందుకు పోనప్పుడు మనకేం తొందర?

మొదటిసారి నిలకడ నీళ్లలో దిగు. దసరాకు ఇంటికొస్తవు కదా, అప్పటికి వానలు పడి శ్రీరాంసాగర్ నిండుగ ఉంటది. 1091 అడుగుల మట్టం అందుకుందంటే నందిపేట దిక్కు బ్యాక్‌వాటర్ సముద్రంలాగనే కనపడతది. కానీ పైలం. అడుగున మునిగిన ఊర్ల గోడలుంటయి, చెట్ల మొద్దులుంటయి. మాస్టు ముప్పావు మీటరు కిందికి ఉంటది, వేగంలో ఉన్నప్పుడు దేనికన్నా తగిలిందంటే బోర్డు ఆగుతది, నువ్వు ఆగవు. అక్కడ వేటాడేటోళ్లను అడిగి, వాళ్లు చూపించిన లోతులోనే దిగుదాం. వాళ్ల మోటారు పడవ వెనక తాడు కట్టి, మెల్లగ, లేవకుండ బోర్డు మీద ఊరికే నిలబడే పని ముందు చెయ్యి. లేచినంక నీకు తెలిసేది, బరువు ముందుకాలు మీద వెయ్యకుంటే రెక్క పైకెక్కి నీళ్లు దాటిపోతదని. రెక్క చివర గాలిలోకి వచ్చిందంటే గాలి కిందిదాకా పాకి, పట్టు ఒక్కసారి వదిలి దబ్బున పడతవు. పడేటప్పుడు బోర్డును పట్టుకోవాలనుకోకు. దూరంగ, వెడల్పుగ, వీపు మీద పడు. తలకిందులుగ దూకొద్దు. హెల్మెట్, ఛాతీకి మెత్త జాకెట్ లేకుండ తాడు ముట్టుకోవద్దు. రెక్క అంచు కొడవలి అంచు.

సముద్రం గురించి నేను చెప్పేది తక్కువ, ఎందుకంటే మీ సముద్రం నాకు తెల్వదు. తెలిసినోళ్లు జాలరిపేటలో ఉన్నరు. దుంగలు కట్టిన తెప్పల మీద ఆ కెరటాలను దాటి వేటకు పోయి వచ్చిన వంశాలవి. ఇప్పుడు తెప్పలు ఫైబర్‌వి అయినయి గానీ కన్ను అదే. ఏ నెలలో నీళ్లు ఎటు లాగుతయో, ఇసుక తిన్నె ఎక్కడ జరిగిందో వాళ్లకు కాలేజీ పుస్తకం కన్నా బాగ తెలుసు. "అన్నా" అని పోయి కూర్చో, బోర్డు చూపించు, నవ్వుతరు, నవ్వనియ్యి. వాళ్ల వలలున్న దిక్కు ఒక్కనాడూ పోకు. ఫాయిల్ వలలో పడితే నీ ప్రాణం సంగతి తరువాత, వాళ్ల తిండి తెగుతది.

ఆర్.కె. బీచ్‌లో, యారాడలో దిగకు. లోపలికి లాక్కుపోయే నీటిపాయలకు అక్కడ ఏటా మనుషులు పోతున్నరు. ఎక్కడైనా అట్ల లాగితే ఒడ్డుకు ఎదురీదకు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది పాయలోంచి బయటపడు. రుషికొండ బాగుంటదంటవు గానీ, 2020లో శుభ్రమైన బీచులకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పటి నుంచి జనం ఎక్కువ. ఈతగాళ్ల కోసం గీసిన హద్దు చుట్టుపక్కలకు ఆ రెక్కను తీసుకపోకు. ఇంకొకటి, పొద్దున గాలి నేల మీదినుంచి సముద్రం దిక్కు వీస్తది, పగలెక్కినంక తిరుగుతది. పొద్దున నీళ్లు నున్నగ ఉంటయి కాబట్టి పడవ వెనక లాగించుకోవడానికి బాగుంటది, కానీ వింగు పట్టుకుని పొద్దున దిగితే ఆ గాలే నిన్ను లోపలికి తోసుకపోతది. వింగు మధ్యాహ్నం పని.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలు లేవు, సముద్రం నాదే అని సంబురపడతవేమో. మోటారు పడవ బయట లేదంటే నిన్ను తీసుకొచ్చేటోడు కూడా లేడని. ఆ రెండు నెలలు బోర్డు గోడకానిచ్చి రెక్క చెక్కుకో. అలల ఎత్తు చూసుకోవడానికి సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందస్తు సూచనలున్నయి. అది హైదరాబాద్ ప్రగతినగర్‌లో కూర్చుని చెప్తది. చుక్క సముద్రం లేని మన తెలంగాణ నుంచే మీ సముద్రం కబురు వస్తదని మీ దోస్తులకు చెప్పు.

మీ నాయనతో నేను మాట్లాడుత. నువ్వు కూడా ఒక పని చెయ్యి: దాచిపెట్టి చెయ్యకు. సిమెంటు బస్తా వేలాడదీసిన రోజు వీడియో తీసి ఆయనకే ముందు పంపు. ముప్పై ఏళ్లు కల్లంలో బస్తాలెత్తిన మనిషి, 50 కిలోలంటే ఏందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ పసుపు ఉడుకుడు నడుస్తున్నది, బాయిలర్ల రిపేర్లతో నాకు ఊపిరాడుత లేదు. అది ఒడిసినంక నాలుగు రోజులు వీలు చూసుకుని వస్త, దిమ్మ దించేటప్పుడు నేను పక్కనుండాలె. అందాక ఆకారం కోసుకో, సాపు చేసుకో. ట్రాకుల గుంత మాత్రం తవ్వకు. ఏ ఫాయిల్ కొంటున్నవో, దాన్ని బోర్డుకు బిగించే ప్లేటు కొలతలు మిల్లీమీటర్లలో పంపు. గట్టి ఫోము దిమ్మ ఎంత మందంలో దొరుకుతున్నదో కూడా అడిగి రాయి. అవ్వ నీకు పచ్చడి, కొమ్ములు కొట్టిన పసుపు కట్టి పెట్టింది, వచ్చేటప్పుడు తెస్త.

మీ చిన్నాయన